మాస్టారు ఎక్కని మిద్దె

వరప్రసాదం మాస్టారు వాకిట్లోకి వచ్చి, ఒక చెప్పులో కాలు పెట్టి, రెండో చెప్పు కోసం కాలితో తడుముకుంటూ ఉండగా ఆయన వెనకాల ఇంటి కప్పు కూలిపోయింది.

1996 నవంబరు. ఆదివారం. పొద్దున తొమ్మిది దాటింది. మూడు రోజులుగా ఉదయగిరిలో ముసురు వదల్లేదు. కొండ ఎక్కడుందో, దాని మీద కోట ఎక్కడుందో మబ్బుల్లో తెలియడం లేదు. మాస్టారి భార్య నాగులమ్మ పాటలు మొదలయ్యే వేళకి చర్చిలో ఉండాలని ముందే వెళ్ళిపోయింది. వరప్రసాదం నడిమింట్లో, సరిగ్గా దూలం కింద కుర్చీ వేసుకుని, ఐదో తరగతి పిల్లల లెక్కల పేపర్లు దిద్దుతున్నాడు. ఇంకో నాలుగు పేపర్లు అయితే ఆయన కూడా గొడుగు తీసుకుని బయలుదేరేవాడే.

"సార్! సారూ! ఒక్కసారి బయటికి రండి!" అని వాకిట్లోంచి కేక వినపడింది. చూస్తే ఓబులయ్య. ఊళ్ళో మట్టిపనులు చేసే మనిషి. గోనెసంచిని టోపీలాగా మడిచి నెత్తిన వేసుకుని వానలో నిలబడి ఉన్నాడు.

"ఏంది ఓబులయ్యా, ఇంత వానలో?" అని వరప్రసాదం కుర్చీలోంచే అడిగాడు.

"లోపల మట్టేమన్నా రాలతా ఉండాదా సార్?"

"లేదే. చుక్క కూడా కారలేదు. ఏం?"

"ఏం లేదు. మీరు ఒక్కసారి ఇట్టా రండి. వచ్చి మాట్లాడండి."

ఎవరైనా పిలిస్తే కూర్చునే సమాధానం చెప్పే అలవాటు ఆయనకి లేదు. లేచాడు. గడప దాటాడు. ఒక చెప్పు వేసుకున్నాడు. అప్పుడు వెనక నుంచి, పెద్ద కొమ్మ విరిగినట్టు ఒక్క చప్పుడు. ఆ వెంటనే అరికాళ్ళకి తగిలేంత బరువుగా ఇంకో చప్పుడు. అంత వానలోనూ వాకిలి గుండా దుమ్ము లేచి బయటికి వచ్చింది.

వరప్రసాదం వెనక్కి తిరిగాడు. నడిమింట్లో వెలుతురు! పదకొండేళ్ళుగా పగలు కూడా లైటు వేసుకునే ఆ గదిలోకి ఆకాశం కనపడుతోంది. దూలం నడిమికి విరిగి, దాని మొన కుర్చీ ఉన్నచోట నేలలో దిగి ఉంది. కుర్చీ లేదు. కుర్చీ ఉన్నచోట తలకాయలంత మట్టిపెళ్ళలు గుట్టగా పడి ఉన్నాయి.

ఆయన చేతిలో ఎర్ర సిరా పెన్ను అట్లాగే ఉంది. ఆయన నోట వచ్చిన మొదటి మాట ఎవరూ అనుకోని మాట.

"పిల్లోళ్ళ పేపర్లు" అన్నాడు. అని, లోపలికి పోబోయాడు. ఓబులయ్య ఆయన జబ్బ పట్టుకుని ఆపకపోతే పోయేవాడే.

ఈ వరప్రసాదం ఎట్లాంటి మనిషో తెలియకపోతే తరవాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. వాళ్ళది సీతారామపురం దగ్గర పల్లె. నాయన ఒక మిషన్ బంగళాలో వంట చేసేవాడు. బంగళా వెనక గదిలోనే కాపురం. వరప్రసాదానికి పదేళ్ళప్పుడు నాయన ఆ పని మానేసి గది ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. సామాన్లు బండికెక్కించాక కూడా రెండు రోజులు ఆ గది వదల్లేదు ఆయన. గోడకి మేకులు కొట్టిన ప్రతి చిల్లునీ సున్నంతో పూడ్చాడు. పొయ్యి పొగ పట్టిన మూలని మూడుసార్లు వెల్లవేశాడు. సున్నం చట్టి పట్టుకుని వెనకాలే తిరిగిన కొడుకుతో, "మనది కాని ఇంట్లో మన గుర్తు మిగలకూడదు నాయనా" అన్నాడు. ఆ మాట పిల్లవాడి బుర్రలో దిగి, అక్కడే ఉండిపోయింది. పెద్దయ్యాక కూడా బయటికి పోలేదు.

1985లో వరప్రసాదానికి ఉదయగిరికి బదిలీ అయింది. ఇల్లు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మొదటి ప్రశ్న ఉద్యోగం ఏమిటని. టీచరనగానే కుర్చీ వేసేవాళ్ళు. రెండో ప్రశ్న ఏ ఊరని. మూడో ప్రశ్న పేరేమిటని. పేరు చెప్పాక లోపలి నుంచి రావాల్సిన మంచినీళ్ళ గ్లాసు రాకుండా ఆగిపోయేది. "అయ్యో, మా తమ్ముడి కొడుక్కి ఇస్తామని మాటిచ్చినాం సార్, మర్చిపోయినాం" అనేవాళ్ళు. ఐదు ఇళ్ళలో ఇదే మాట. ఆ ఏడు ఉదయగిరిలో ఇళ్ళు వెతుక్కుంటున్న తమ్ముడి కొడుకులు ఎంతమందో దేవుడికే తెలియాలి.

ఆరో ఇల్లు చెంచమ్మది. భర్త పోయిన మనిషి. మర్రిపాడు దగ్గర చేలున్న పెద్ద రైతు కుటుంబం. కొడుకు వెంకటేష్ ఆత్మకూరులో ఎరువుల కొట్టు పెట్టుకుంటే తనూ అక్కడికే పోతూ, భర్త కట్టించిన ఈ మట్టి మిద్దెని అద్దెకి ఇవ్వాలనుకుంది.

"కిరస్తానమా?" అని మొహం మీదే అడిగింది.

"అవునమ్మా."

"ఉంటే ఉండు, నాకేం. మూడు మాటలు చెప్తా విను. నన్నడక్కుండా గోడకి మేకు కొట్టబాక. మిద్దె ఎక్కబాక, ఎక్కితే పక్కింటి పెరడు కనపడతాది, ఆడోళ్ళు నీళ్ళు పోసుకునే చోటు. అద్దె మనియార్డరు చెయ్యి, దానికోసం బస్సెక్కి ఆత్మకూరు రాబాక."

వీధి వీధంతా చెంచమ్మని వద్దంది. వాళ్ళకి ఇస్తే ఇల్లు పాడుచేస్తారంది. ఆమె వినలేదు. ఆ సంగతి వరప్రసాదానికి చేరాల్సినవాళ్ళ ద్వారా చేరింది. ఆ రోజు నుంచి ఆ ఇల్లు ఆయనకి ఇల్లు కాదు, పరీక్ష. తన వల్ల ఒక్క పెచ్చు ఊడినా, తన తరవాత తనలాంటివాళ్ళకి ఆ వీధిలో ఇల్లు దొరకదని ఆయన నమ్మకం. అందులో తప్పు కూడా లేదు.

మేకు కొట్టలేదు. చెంచమ్మ వదిలిపెట్టిన రెండు మేకుల్లో ఒకదానికి క్యాలెండరు, ఒకదానికి గొడుగు. మిద్దె ఎక్కలేదు. ఊరేగింపొచ్చి వీధిలో జనమంతా మిద్దెల మీద ఉన్నా, ఆయన మాత్రం వాకిట్లో మడమలెత్తి చూసేవాడు. గాలివానకి వంటింటి కిటికీ రెక్క ఊడిపడితే పాత చీర పేలికతో కట్టాడు. "ఇంటామెకి ఒక ఉత్తరం ముక్క రాయి" అని నాగులమ్మ పోరితే, "చూద్దాం" అన్నాడు. ఆ చూడటంలోనే ఏడేళ్ళు గడిచిపోయాయి.

అసలు కథ మొదటి వానాకాలంలోనే మొదలైంది. వచ్చిన నాలుగు నెలలకే పొయ్యి మీద కారింది. ఆయన ఇన్లాండు కవరు తీసి, 'చెంచమ్మగారికి' అని రాసి ఆగిపోయాడు. వచ్చి రాకముందే ఫిర్యాదా? నచ్చకపోతే ఖాళీ చెయ్యమంటే? కవరు మడిచి బైబిల్లో పెట్టి, ఓబులయ్యని పిలిపించాడు.

"చవుడు పొయ్యాల సార్" అన్నాడు ఓబులయ్య.

చవుడంటే ఒక రకం ఉప్పుమట్టి. తడిస్తే జిగురుగా పట్టుకుని నీళ్ళని కిందికి దిగనివ్వదు. మట్టి మిద్దెల మీద ఏటా ఎండాకాలంలో ఒక పొర పరిస్తేనే ఆ ఏడు వానలు గట్టెక్కుతాయి. సరేనన్నాడు వరప్రసాదం. మరుసటి ఏప్రిల్లో, వేసవి సెలవులకి సొంత ఊరు పోయేముందు, చెరువు దగ్గర తెల్ల చవుడు నాలుగు బండ్లు తెప్పించి పరిపించాడు. ఎక్కొద్దన్నారు కాబట్టి తను ఎక్కలేదు. "అమ్మకి మాత్రం చెప్పబాక ఓబులయ్యా" అన్నాడు. ప్రతి ఏప్రిల్లోనూ అదే పని, అదే మాట. పదకొండేళ్ళలో మళ్ళీ చుక్క కారలేదు. వాననీళ్ళు పడే రేకు గొట్టం రెండు మూడేళ్ళకొకసారి కాస్త పైకి జరిగినట్టు కనిపించేది గానీ, దాని గురించి ఆలోచించలేదు. అద్దె ఇంటిని సొంత ఇంటికన్నా బాగా చూసుకుంటున్నానని ఆయనకి లోలోపల గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం ఆ ఆదివారం పొద్దున మట్టిగుట్టై నడిమింట్లో పడి ఉంది.

చప్పుడికి వీధంతా వచ్చేసింది. ఎవరో పరిగెత్తి చర్చికి చెప్పారు. నాగులమ్మ పాటల పుస్తకం చేత్తో పట్టుకునే, చెప్పుల్లేకుండా వచ్చింది. కప్పు లేని ఇంటిని చూసింది. కుర్చీ ఉండాల్సిన చోటు చూసింది. మొగుడి తల, భుజాలు, చేతులు తడిమి తడిమి చూసి, "నువ్వు యాడున్నావయ్యా అప్పుడు?" అని భోరున ఏడ్చింది. ఆయన మొనదేలిన దూలం వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎదురింటి వెంకటరమణయ్య గొడుగు కింద నిలబడి అంతా పరికించాడు. ఆయన ఇంటి పక్క భాగం ఒకటో తారీఖు నుంచి ఆసుపత్రిలో నర్సు జెస్సికాకి అద్దెకి ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. వరప్రసాదం పదకొండేళ్ళు మచ్చ లేకుండా ఉన్నాడు కాబట్టే ఆ మాట ఇచ్చాడు.

"నిక్షేపంలాంటి మిద్దె. ఏం చేసినారో ఏమో" అన్నాడు, అందరికీ వినపడేటట్టు. "ఇట్టాగైతే ఆ నర్సమ్మకి నేను ఇల్లెట్టా ఇచ్చేది?"

దూలం తప్పించుకున్న వరప్రసాదానికి ఆ మాట మాత్రం సూటిగా తగిలింది. మనిషి చావబోయి బతికాడని ఒక్కరికీ పట్టలేదే అని ఈ కథ చెప్పేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది గానీ, ఆయనకి మండలేదు. అవును, తప్పు నాదే, అనుకున్నాడు. 

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక ఆత్మకూరు బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని, లెక్కల మాస్టారు కాబట్టి, లెక్క వేశాడు. ఏడాదికి నాలుగు బండ్లు. పదకొండేళ్ళకి నలభై నాలుగు. పాత మట్టి గీకించి కొత్తది పొయ్యమని ఎప్పుడైనా చెప్పాడా? లేదు. అంత బరువు, పైగా మూడు రోజుల తడి! కారకూడదని పోయించిన మట్టే కప్పుని కూల్చింది. పరాయివాళ్ళ ఇంటిని పదకొండేళ్ళపాటు తన చేతులతో తనే కూల్చాడు. బస్సులో ఎవరో టిక్కెట్టని అడుగుతుంటే మూడోసారికి గానీ వినపడలేదు.

ఎరువుల కొట్లో వెంకటేష్ ఒక్కడే ఉన్నాడు. సంగతి విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మిద్దె పడిందా! మా నాయన కట్టించిన మిద్దె సార్ అది! పైన ఏం పెట్టినావు?"

"తప్పు నాదే బాబూ. ఏం చేసినానో అమ్మకి నా నోటితోనే చెప్తాను."

"అమ్మకి బీపీ, డాక్టరు లేవబాక అన్నాడు. రేపు నేనే మెల్లిగా చెప్పి తీసుకొస్తా. తప్పు నీదేనని నువ్వే అంటున్నావు కదా. అయితే మళ్ళీ కట్టించేది కూడా నువ్వే."

"సరే బాబూ" అన్నాడు వరప్రసాదం.

ఆ రాత్రి తలదాచుకున్న చర్చి వెనక గదిలో చాప మీద కూర్చుని ఆ మాట విన్న నాగులమ్మ కాసేపు నమ్మలేదు. "సరే అన్నావా? మన నెత్తిన పడ్డ మిద్దెని మనమే కట్టియ్యాల్నా? నువ్వా కుర్చీలో ఉండుంటే ఆ వెంకటేష్ ఏం కట్టిచ్చేవాడు మనకి? సమాధా?" అంది. న్యాయమైన ప్రశ్నే.

మర్నాడు ఎండ వచ్చింది. పదకొండు గంటలకి జీపు దిగి చెంచమ్మ, వెంకటేష్ వచ్చారు. చెంచమ్మకి డెబ్భై దాటాయి. నడుం వంగింది గానీ గొంతు వంగలేదు. ముందు అడిగింది ఇంటి సంగతి కాదు.

"ఎవురికన్నా దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా" అన్నాడు వరప్రసాదం.

"సరే" అని, కొడుకు చెయ్యి పట్టుకుని గడప దాకా వెళ్ళింది. లోపలికి చూసింది. భర్త కట్టించిన మిద్దె. పెళ్ళై వచ్చి కాపురం చేసిన నడిమిల్లు. వీధి జనం వెనక గుమిగూడారు, వెంకటరమణయ్య అందరికన్నా ముందు. ఓబులయ్య మాత్రం దూరంగా, వేపచెట్టు చాటున నిలబడ్డాడు.

వరప్రసాదం చేతులు కట్టుకున్నాడు. బడిలో పిల్లలు తప్పు ఒప్పుకునేటప్పుడు నిలబడేటట్టే నిలబడ్డాడు.

"అమ్మా, నేను మీకు చెప్పకుండా ఒక పని చేసినాను. కారతా ఉంటే మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, ఏటా ఏప్రిల్లో నేనే మిద్దె మీద చవుడు పోయించినాను. పదకొండేండ్లు. ఆ బరువుకే పడింది. తప్పు నాదే."

"విన్నారు కదా అందరూ!" అన్నాడు వెంకటేష్. "మా మిద్దె మీద మన్ను పొయ్యడానికి నువ్వెవరు సార్?"

చెంచమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది. ఆమె మొహంలో కోపం లేదు, ఏదో అర్థం కానట్టుంది.

"నువ్వు పోయించినావా?"

"అవునమ్మా."

"ప్రతి ఏడూ?"

"అవునమ్మా."

"మరి నేను పోయించిందేంది?"

ఎవరికీ అర్థం కాలేదు. వెంకటేష్‌కి కూడా. "ఏందమ్మా నువ్వనేది?" అన్నాడు.

"ప్రతి మే నెలా నేను పోయిస్తానే ఉండాను కదరా! మీ నాయనున్నప్పటి నుంచీ మన మర్రిపాడు చేలో చవుడే ఈ మిద్దెకి. ఇల్లు మనదైతే కప్పు మనం చూడొద్దా? సెలవుల్లో మాస్టరు వాళ్ళు ఊళ్ళో ఉండరు, ఆ దుమ్ము వాళ్ళ మీద పడకుండా అప్పుడే పోయిస్తా. ఈయన చేరిన ఏడు ఇల్లు మారే హడావిడిలో పోయించలేదు గానీ, ఆ తరవాత ఒక్క ఏడు మానలేదు."

ఏటా రెండుసార్లు బండ్లు రావడం వీధిలోవాళ్ళు చూసినా, రెండూ చెంచమ్మవే అనుకున్నారు. వరప్రసాదం నెమ్మదిగా తల ఎత్తాడు. పడమటి గోడ మీద ఇంకా పడకుండా నిలిచిన మిద్దె ముక్క ఒకటి ఉంది. దాని అంచు కత్తితో కోసినట్టు తెగి ఉంది. నిన్నటి నుంచి పదిసార్లు దాన్ని చూశాడు గానీ ఏం చూశాడో ఇప్పుడు తెలిసింది. పాత మట్టి మీద తెల్ల పొర, దాని మీద ఎర్రడాలు పొర. మళ్ళీ తెల్లది, మళ్ళీ ఎర్రది. చెరువు చవుడు తెలుపు. మర్రిపాడు చవుడు ఎరుపు. అడుగు నుంచి పై దాకా ఒకదాని మీద ఒకటి, మనిషి మోకాటి ఎత్తున.

లెక్కపెట్టాడు. ఇరవై రెండు. లెక్క తప్పిందేమోనని మళ్ళీ పెట్టాడు. ఇరవై రెండే.

ఆయన గోడ పట్టుకున్నాడు. నలభై నాలుగు బండ్లు కాదు. దానికి రెట్టింపు నెత్తిన పెట్టుకుని, దాని కింద పదకొండేళ్ళు అన్నం తిన్నారు, పేపర్లు దిద్దారు, నిద్రపోయారు.

"నీ చవుడు పోసిందెవురు?" అని చెంచమ్మ అడిగింది.

"ఓబులయ్య. మీదెవరమ్మా?"

చెంచమ్మ తల తిప్పి జనంలో వెతికింది. అందరూ వేపచెట్టు వైపు చూశారు.

వరప్రసాదానికి అప్పుడు వెలిగింది. "ఓబులయ్యా" అన్నాడు. "నిన్న వానలో నువ్వెందుకొచ్చినావు? మట్టి రాలతా ఉండాదా అని ఎందుకడిగినావు? నీకు ముందే తెలుసునా?"

ఓబులయ్య చెట్టు చాటు నుంచి వచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. భయపడ్డాడు గానీ దాచుకోలేదు.

"తెలుసు సార్. నేనే పోసినాను, నాకు తెలవదా? ఏప్రిల్లో మీరు పిలిచి, అమ్మకి చెప్పబాక అన్నారు. మే నెలలో అమ్మ పిలిచి, సార్‌కి చెప్పబాక అనింది. ఇద్దరికీ మాటిచ్చినాను. ఇద్దరి మాటా నిలబెట్టినాను."

"మాట నిలబెట్టినావా!" అని వెంకటేష్ మీదికి పోబోయాడు. "రెండు చేతులా కూలి తీసుకుని, మనిషిని చంపబోయి, మాట నిలబెట్టినావంటరా!"

"కూలి తీసుకున్నా, లేదనను. పనికి పిలిస్తే పోయే మనిషిని బాబూ నేను. పెద్దోళ్ళు పొయ్యమంటే ఎందుకని నేను అడగతానా? పాతది గీకి కొత్తది పోద్దామంటే, మీదున్న కొత్త మట్టి ఎవరిదని అడగతారు. అడిగితే ఒకరి మాట తప్పినట్టయితాది. రెండేండ్ల నుంచి వానొస్తే నాకు అన్నం దిగేది కాదు. నిన్న పొద్దున ఇంక తట్టుకోలేక వచ్చినాను. చెప్పేదానికే వచ్చినాను. చెప్పేలోపే అది పడింది."

ఓబులయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన్ని తిట్టాలో, ఆయన కాళ్ళు మొక్కాలో వరప్రసాదానికి తెలియలేదు. కప్పుని కూల్చింది ఆ చేతులే, దాని కింద నుంచి తనని లాగింది కూడా ఆ మనిషే.

చెంచమ్మ అరుగు మీద కూలబడింది. "సార్‌కి చెప్పబాక అన్నది నిజమే. చెబితే అద్దె పెంచుతానేమోనని ఈయన బెంగపడతాడనుకున్నా. ఈ వీధిలోవాళ్ళు, ఇదిగో ఈ వెంకటరమణయ్యతో సహా, వాళ్ళకిస్తే ఇల్లు నాశనమైపోద్దన్నారు. అందుకే ఒక్క చుక్క కారనియ్యకూడదని పంతం పట్టినా" అంది. వెంకటరమణయ్య అప్పటికే రెండడుగులు వెనక్కి వేసి ఉన్నాడు.

"అది సరే మాస్టరూ. నువ్వు నన్నెందుకు అడగలేదు? ఇల్లు కారతా ఉంటే ఇంటామెనడక్కుండా ఎవురినడగతారు?"

వరప్రసాదం చెప్పకుండా ఉందామనుకున్నాడు. కానీ పొద్దుటి నుంచి నిజం చెప్పీ చెప్పీ నోరు దానికి అలవాటు పడిపోయింది.

"అడిగితే ఖాళీ చెయ్యమంటారని అమ్మా."

"ఎప్పుడు? వచ్చిన కొత్తలోనా?"

"ఇప్పటిదాకా."

కూలిన నడిమింటిని చూసినప్పుడు కూడా రాని కన్నీళ్ళు చెంచమ్మకి అప్పుడొచ్చాయి. "నా ఇంట్లో పదకొండేండ్లు భయపడతా బతికినావా?" అంది. ఆ మాట ఆయన్ని అడిగినట్టు లేదు. తనని తనే అడుక్కున్నట్టుంది. వరప్రసాదం చెప్పుల్లేని తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. రెండో చెప్పు ఇంకా గడప మీద పడ్డ మట్టి కిందే ఉంది.

వెంకటేష్ గొంతు తగ్గించి, "అయినా అమ్మా, కట్టిస్తానని నిన్న ఆయనే ఒప్పుకున్నాడు" అన్నాడు.

"నోరుముయ్యిరా. మిద్దె నాది. పడి మనిషి చచ్చుంటే ఆ పాపం ఎవురిది? కట్టేది నేను. ఈసారి మట్టి కాదు, సిమెంటు." మళ్ళీ వరప్రసాదం వైపు తిరిగింది. "నువ్వు చెయ్యాల్సిందొకటుండాది. నీ తెల్ల మట్టి నువ్వు ఎత్తించుకో, నా ఎర్ర మట్టి నేను ఎత్తించుకుంటా. మోసేది ఎట్టాగూ ఈ ఓబులయ్యే, ఈసారి కూలి లేకుండా."

జనంలో ఎవరో నవ్వారు. ఓబులయ్య బుర్ర ఊపాడు.

"వెంకటరమణయ్యా! యాడికి పోతా ఉండావు? నర్సమ్మకి ఇల్లిస్తానన్నావంట. ఇయ్యి. ఇచ్చి, ఏమన్నా చెడిపోతే నోరు తెరిచి అడగమని ఆ పిల్లకి ముందే చెప్పు."

"ఇస్తానక్కా, ఇయ్యనని ఎవురన్నారు?" అన్నాడు వెంకటరమణయ్య గొడుగు కర్రని గోటితో గీరుతూ.

చెంచమ్మ కళ్ళు తుడుచుకుని, అరుగు మీద చెయ్యి ఆనించి లేచింది. జీపు వైపు రెండడుగులు వేసి ఆగింది.

"మాస్టరూ, ఇట్టాంటిది ఇంకేమన్నా ఉండాదా, నాకు చెప్పకుండా దాచింది?"

వరప్రసాదం లేదని చెప్పబోయాడు. పక్కనే నాగులమ్మ నిలబడి ఉంది. ఆమె మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఇంటి యజమానురాలిని ఆయన ఒకటి అడిగాడు.

"వంటింటి కిటికీకి ఒక రెక్క ఊడిపోయిందమ్మా. పాత చీర ముక్కతో కట్టుకున్నాం. బిగించాలి."

"ఎప్పుడూడింది? నిన్నా?"

"ఏడేండ్లయింది."

మిద్దె పడిందని విన్నప్పుడు కూడా చెంచమ్మ అంతగా అదిరిపోలేదని వెంకటేష్ తరవాత ఆత్మకూరులో చెప్పుకున్నాడు. ఆమె నోరు తెరుచుకుని ఆయన వైపు చూసింది, నాగులమ్మ వైపు చూసింది, కప్పు లేని ఇంటి వైపు చూసింది.

"ఏడేండ్లా!" అంది.